ఏ రోగమూ లేని అక్క

ఫిబ్రవరి 3

చెల్లీ,

ఇక్కడ నేనూ మీ బావా కులాసా. నువ్వు కూడా కులాసాగానే ఉన్నావని తెలిసింది. నా బాధంతా అదే.

మీ బావతో పాటు బస్సు నడిపే ఆయన భార్య కళ్ళజోడు బాగు చేయించుకోవడానికి మీ షాపుకే వచ్చిందట. "మీ చెల్లెలు నిక్షేపంలా ఉందండీ. నవ్వుతూ పని చేసుకుంటోంది. సాయంత్రం మీ అమ్మగారు వచ్చి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్ళారు" అని చెప్పింది. నిలబడి పని చేసుకునే మనిషిని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళడం దేనికి? నలభై దగ్గర పడుతున్నదానివి, రోడ్డు దాటలేవా?

నాన్న పోయాక అమ్మ ఎవరి దగ్గర ఉండాలని మనం ఇంకా మాట్లాడుకుంటూ ఉండగానే నీ జబ్బు బయటపడింది. "నాలుగు రోజులు చూసి వస్తానే" అని నాతో చెప్పి వెళ్ళింది. ఆ నాలుగు రోజులూ సాగి సాగి ఏడాదిన్నర అయింది. నేను వెనక గది ఖాళీ చేసి, మిషన్లన్నీ ముందు గదిలోకి జరిపి, కిటికీకి కొత్త తెర కుట్టి ఉంచాను. ఆ గదిలో ఇప్పుడు స్కూలు యూనిఫాం తానులు హాయిగా పడుకుంటున్నాయి.

ఫోన్లో చెబితే నువ్వు ఏడుస్తావు, నేను పెట్టేస్తాను, మధ్యలో అమ్మ అందుకుని "మళ్ళీ మొదలెట్టావా" అని నన్నే తిడుతుంది. అందుకే ఉత్తరం. అమ్మ కంట పడకుండా మీ షాపు అడ్రసుకు పంపుతున్నాను, నువ్వు కూడా నా కుట్టుషాపుకే రాయి. నేను కోరేది ఒక్కటే. ఆరు నెలలు నీ దగ్గర, ఆరు నెలలు నా దగ్గర. ఇందులో అన్యాయం ఏమైనా ఉంటే చెప్పు.

నువ్వు మరిచిపోయిన
మీ అక్క


ఫిబ్రవరి 12

దొరసాని అక్కకు,

నీ ఉత్తరం చేరింది. కవరు పట్టుకుంటే వెచ్చగా ఉంది. లోపల సెగ అలాంటిది.

నా జబ్బు ఏమిటో నువ్వు సరిగ్గా ఎప్పుడూ అడగలేదు, కాబట్టి అడక్కుండానే చెబుతున్నాను. కింది రెప్ప లోపల గులాబీ రంగులో చిన్న కండ లేచింది. నొప్పి లేదు, ఏమీ లేదు. పొద్దస్తమానం వచ్చినవాళ్ళ కళ్ళలోకి చూసేదాన్ని, నా కంటిలోది మాత్రం ఎన్నాళ్ళకో షాపు అద్దంలో పడింది. ముక్క తీసి పరీక్ష చేస్తే లింఫోమా అన్నారు. ఒంట్లో రోగాలతో పోట్లాడే కణాలే అదుపు తప్పి పెరిగే కేన్సరట. స్కానింగులో ఇంకా బయటపడ్డాయి. చెవి కింద లాలాజలం ఊరే గ్రంథిలో ఒకటి, కడుపు గోడలో ఒకటి, ఊపిరితిత్తిలో ఒక మచ్చ. నా నోరు ఎప్పుడూ ఎండిపోవడం, రెండు ముద్దలకే కడుపు నిండిపోవడం అందుకేనట. కాగితం మీద నాలుగో దశ అని ఉంటే నేనూ అమ్మా అక్కడి బెంచీ మీద కూర్చుని ఆ కాగితాన్ని మూడుసార్లు చదివాం.

డాక్టరమ్మ మాత్రం కంగారు పడలేదు. "ఇది నత్త నడక జబ్బు. నాలుగు గదుల్లోకి పాకినా నత్త నత్తే. దీంతో పదేళ్ళు, పదిహేనేళ్ళు మామూలుగా బతికేవాళ్ళు బోలెడుమంది. పూర్తిగా పోదు. ఒకచోట తగ్గితే ఇంకోచోట తేలవచ్చు. ఇబ్బంది పెట్టనంత కాలం చూస్తూ ఉందాం. కొద్దిమందిలో మాత్రం ఉన్నట్టుండి వేగం అందుకుంటుంది, అప్పుడు ఊరుకోకూడదు" అంది. కడుపులో ఏదో క్రిమి ఉందని రెండు వారాలు బిళ్ళలు ఇచ్చింది. ఇప్పటివరకు వైద్యమంటే అదే.

అమ్మను నేనేం కట్టేయలేదు. వంతులు వేసుకోవడానికి ఆమె నీ కుట్టు మిషనా? అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. నువ్వెప్పుడైనా అడిగావా? గర్భసంచి ఆపరేషన్ అయితే ఇంటికొచ్చి, లేచి తిరిగాక చెప్పావు. అడిగి చూడు.

నీ
పిచ్చుక

తా.క. మా ఓనరుకు షాపులో తొడుక్కునే కోట్లు ఐదు కావాలట. నాది పాత కొలతే.


ఫిబ్రవరి 20

చెల్లీ,

అడిగాను. నీ మాట విని అడిగినందుకు నా చెప్పుతో నన్ను నేను కొట్టుకోవాలి. "నీకేం తక్కువే దొరసానీ? మొగుడున్నాడు, షాపుంది, రాయిలాంటి ఒళ్ళుంది. పాపం దానికెవరున్నారు?" అంది. రాయిలాంటి ఒళ్ళట. కన్నతల్లి నోటి నుంచి నాకు దక్కిన ఆశీర్వాదం అది.

చిన్నప్పటి నుంచి అంతే. నువ్వు దగ్గితే ఇల్లంతా లేచేది. నేను జ్వరంతో స్కూలుకెళ్ళి జ్వరంతో తిరిగొస్తే "అది చూసుకుంటుందిలే" అనేవారు. చూసుకున్నాను. చూసుకుని చూసుకుని ఇప్పుడు నన్ను చూసేవాళ్ళు లేకుండా చేసుకున్నాను.

ఇంకో సంగతి రాస్తున్నాను, నవ్వితే నవ్వు. పోయిన నెల నా మెడ మీద ఉసిరికాయంత గడ్డ తగిలింది. మీ బావకు కూడా చెప్పకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాను. అక్కడి కుర్చీలో కూర్చుని ఏం ఆలోచించానో తెలుసా? ఇది గనక నీకొచ్చిన జబ్బే అయితే అమ్మ రేపటి బండికే వస్తుందని. ఆయన నొక్కి చూసి, "కొవ్వు గడ్డమ్మా, ఏం కాదు, వెళ్ళిరా" అన్నాడు. సంతోషించాలి కదా. నాకు మాత్రం మొహం మీద తలుపేసినట్టయింది.

నాలుగో దశ కేన్సరుకు రెండు వారాల బిళ్ళలేమిటే? మా పక్కింటావిడకు గొంతునొప్పికి కూడా అలాంటివే ఇచ్చారు. మందు లేని జబ్బు, నొప్పి లేని కేన్సరు, అమ్మను మాత్రం కదలనివ్వదు. ఇంత సదుపాయమైన రోగం నేనెక్కడా వినలేదు.

కోట్లు కత్తిరించాను. వచ్చే వారం పంపుతాను.

మీ అక్క


మార్చి 2

అక్కా,

సదుపాయమైన రోగం అన్నావు. ఆ మాట చదివాక రెండు ఫ్రేములు విరగ్గొట్టాను, ఓనరు చేత తిట్లు తిన్నాను.

చూస్తూ ఉందాం అంటే ఏమిటో నీకు తెలియదు. ఇంట్లోకి దొంగ వచ్చాడు, ఏ గదిలో ఉన్నాడో కూడా తెలుసు, కానీ వాడు నిద్రపోతున్నాడు కాబట్టి నువ్వు కూడా నిద్రపో అన్నట్టుంటుంది. పొద్దున్నే లేచి మెడా చంకలూ తడుముకుంటాను. ఏమీ తగలకపోతే మొహం కడుక్కుంటాను. జాలి పడేవాళ్ళు కూడా నాలుగు నెలలు పడి మానేశారు. జుట్టు ఊడలేదు, మంచం పట్టలేదు, ఇంకెంతకాలమని పడతారు?

ఇక అమ్మ సంగతి. ఆమె ఇక్కడ ఉందని నువ్వు ఏడుస్తున్నావు. ఉండి ఏం మాట్లాడుతుందో విను. "దొరసాని అయితే ఈపాటికి ఇల్లంతా సర్దేసేది. దొరసాని చేత్తో కుట్టిన గుండీ ఈ జన్మకు ఊడదు. దొరసాని ఒక్కరోజు కూడా నన్ను కష్టపెట్టలేదు." పొద్దున లేస్తే నీ భజన. నాతో మాట్లాడేది నా రిపోర్టుల గురించి, నేను తినకుండా వదిలేసిన ముద్దల గురించి. నేను ఆమెకు ఒక పని. నువ్వు ఆమెకు గొప్ప. నాకు ఎలా ఉంటుందో ఎప్పుడైనా ఆలోచించావా?

నీ గడ్డ కొవ్వు గడ్డే అయినందుకు నేను సంతోషిస్తున్నాను. నువ్వు సంతోషించకపోయినా.

పిచ్చుక


మార్చి 9

చెల్లీ,

కోట్లు పంపాను. గుండీలు ఈ జన్మకు ఊడవు.

నా భజన నా వెనక చేస్తే నాకేం లాభం? ఎదురుగా ఎప్పుడూ "ఏమే, ఇంత చేతకానిదానివేమిటే" అని ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. పొగడ్త నీ దగ్గర, మనిషి కూడా నీ దగ్గరే. మేం మాత్రం దూరం నుంచి చూసి ఆనందించాలి కాబోలు.

స్కూళ్ళు తెరిచే లోపల నాలుగు వందల జతలు కుట్టాలి. ఇక ఉత్తరాలకు తీరిక లేదు.

అక్క


మే 2

అక్కా,

నీకు తీరిక లేకపోయినా నేను రాస్తున్నాను. పంతం నీదే గెలిచింది.

అమ్మను పంపుతున్నాను. ఊరికే వెళ్ళమంటే వెళ్ళదని నీకూ తెలుసు, అందుకని ఒక అబద్ధం ఆడేశాను. నీకు నడుములో డిస్కు జారిందని, మంచం దిగలేకపోతున్నావని, బావ హోటలు భోజనం తెచ్చి పడేస్తున్నాడని, "అమ్మ వస్తే బాగుండు" అని నువ్వు ఫోన్లో ఏడ్చావని చెప్పాను. మిగతావన్నీ నమ్మింది గానీ, నువ్వు ఏడ్చావంటే మాత్రం రెండుసార్లు అడిగింది. ఆ తర్వాత పెట్టె తీసింది.

ఆదివారం పొద్దున బండి మీ ఊరు చేరుతుంది. బావను స్టేషనుకు పంపు. నువ్వు పడుకో. దయచేసి అమ్మ వచ్చేసరికి మిషను మీద కూర్చుని ఉండకు. కనీసం ఆగస్టు దాకా ఉంచుకో.

ఇంకొక చిన్న పని. నా కోటు వదులైంది. నడుము దగ్గర మూడు అంగుళాలు తగ్గించి ఇంకొకటి కుట్టు. తొందరేం లేదు.

నీ
పిచ్చుక


మే 14

ప్రియమైన చెల్లికి,

నా జీవితంలో ఇంత సుఖం ఎరగను. వారం రోజులుగా మంచం మీద ఉన్నాను.

అమ్మ గుమ్మంలో అడుగు పెడుతూనే నా మొహం రెండు చేతులతో పట్టుకుని, "ఎంత చిక్కిపోయావే" అంది. అద్దంలో చూసుకుంటే నా బుగ్గలు ఎప్పటిలాగే పళ్ళెంలా ఉన్నాయి. ఉంటే ఏం, అంది కదా. తల దువ్వుతుంది. నడుముకు నూనె రాస్తుంది. పక్కన కూర్చుని తినిపిస్తుంది. నేను "అబ్బా" అంటే పరుగెత్తుకొస్తుంది. ఎన్నిసార్లు అనాలో తెలియక మొదటి రోజు మరీ ఎక్కువ అనేశాను. మీ బావ గుమ్మంలో నిలబడి నవ్వు ఆపుకోలేక బయటికి పోతాడు. షాపులో కాజాలు కుట్టే ఆవిడే యూనిఫాంలన్నీ చూసుకుంటోంది. అమ్మ స్నానానికి వెళ్ళినప్పుడు నేను దొంగలా లేచి వెళ్ళి కత్తిరింపులు సరిచూసి వస్తున్నాను.

ఇప్పుడు నీకు కుళ్ళుగా ఉందా? ఉండాలి. ఏడాదిన్నర నేను పడ్డాను, నువ్వు నాలుగు నెలలు పడు.

కానీ ఒక మాట. అమ్మ రోజూ పొద్దున్నే నీకు ఫోన్ చేస్తుంది. నువ్వు ఎత్తవు. సాయంత్రం ఎప్పుడో "బిజీ" అని మెసేజి పెడతావు. ఇక ఆ పూటంతా నీ గోలే. "పిచ్చుక తిన్నదో లేదో." నా తల దువ్వుతూ నీ పేరు ఎత్తుతుంది. కావాలనే ఫోన్ ఎత్తడం లేదు కదా నువ్వు? ఇచ్చినట్టే ఇచ్చి దారం నీ చేతిలోనే ఉంచుకున్నావని నా అనుమానం.

మూడు అంగుళాలేమిటే? ఈ వయసులో నాజూకు కావాలనిపించిందా? నేను మంచం దిగాక కుడతాను.

సుఖంగా ఉన్న
అక్క


మే 27

అక్కా,

నువ్వు సుఖంగా ఉన్నందుకు సంతోషం. నిజంగానే.

షాపులో పని ఎక్కువగా ఉంది, గొంతు కూడా బాగాలేదు. అందుకే ఫోన్ ఎత్తడం లేదు. అమ్మతో నేను బాగా తింటున్నానని చెప్పు. ఆమె నమ్మేలా చెప్పు. నీకు అబద్ధాలు ఇప్పుడు అలవాటయ్యే ఉంటాయి.

అమ్మ నూనె రాసేటప్పుడు మెడ వెనక బొటనవేలితో నొక్కుతుంది. అది ఇంకాసేపు చేయమని అడుగు. నేనైతే అడిగేదాన్ని.

పిచ్చుక


జూన్ 4

చెల్లీ,

సూటిగా అడుగుతున్నాను, సూటిగా చెప్పు. ఎవరతను?

బస్సు డ్రైవరు గారి భార్య కొత్త కళ్ళజోడు చేయించుకోవడానికి మళ్ళీ మీ ఊరు వచ్చింది. షాపులో నువ్వు లేవట. వీధి మలుపులో ఎవరిదో కారులోంచి దిగుతూ కనిపించావట. మండుటెండలో తలకు స్కార్ఫు కట్టుకుని, నల్లద్దాలు పెట్టుకుని, ఒకాయన చెయ్యి పట్టుకుని దిగావట. పలకరిస్తే తల తిప్పుకున్నావట. నిప్పు లేనిదే పొగ రాదు.

ఇప్పుడు నాకు అన్నీ అర్థమవుతున్నాయి. నడుము తగ్గడం, ఫోన్ ఎత్తకపోవడం, ఏడాదిన్నర వదలకుండా పట్టుకున్న అమ్మను ఒక్కసారిగా రైలెక్కించడం. నేనేదో పోరాడి గెలుచుకున్నాననుకున్నాను. నీకు ఇల్లు ఖాళీ కావాల్సి వచ్చి ఆమెను నా ఒళ్ళో పడేశావు. నువ్వు తోడు వెతుక్కుంటే నాకు సంతోషమే, నలుగురికీ నేనే చెబుతాను. కానీ నాకు దక్కింది నువ్వు వద్దనుకున్న అమ్మ అని తెలిసి నా కడుపు రగిలిపోతోంది. ఎప్పుడూ నీ మిగులేనా నాకు?

అక్క


జూన్ 11

అక్కా,

అతను మా ఓనరు. అరవై దాటాయి. హాస్పిటల్ నుంచి ఇంటికి దింపుతాడు. స్కార్ఫు కింద జుట్టు లేదు.

ఏప్రిల్‌లో మెడ కింద గడ్డ లేచింది. ఇంతకుముందువి నెలల తరబడి అలాగే ఉండేవి. ఇది వారం వారం పెరిగింది. అమ్మ చెయ్యి తగలకుండా మెడ చుట్టూ పైట కప్పుకుని తిరిగాను. సాయంత్రాలు జ్వరం, పక్క తడిసిపోయేంత చెమటలు. తినకుండానే తగ్గిపోతూ వచ్చాను. నీకు మూడు అంగుళాలని రాశాను కదా, ఇప్పుడు ఐదు. అమ్మకు తెలియకుండా వెళ్తే డాక్టరమ్మ మళ్ళీ ముక్క తీసి చూసింది. నత్త నత్తలా లేదు. కొద్దిమందిలో వేగం అందుకుంటుందని చెప్పిందే, ఆ కొద్దిమందిలో నేను పడ్డాను.

మూడు వారాలకోసారి సెలైన్‌లో మందులు ఎక్కిస్తున్నారు. మొత్తం ఆరు, రెండు అయ్యాయి. చిత్రమేమిటంటే, నెమ్మదిగా పెరిగేదాన్ని ఒంట్లోంచి పూర్తిగా తరమలేరట గానీ, ఈ తొందర జబ్బు మందులకు లొంగితే పూర్తిగా పోయే అవకాశం ఉందట. లొంగకపోతే ఏమిటని అడిగాను. "సగం సగం అనుకోండి" అంది. నాలుగోది అయ్యాక స్కాన్ చేసి చెబుతుందట.

అమ్మను ఎందుకు పంపానో ఇప్పుడు తెలిసింది కదా. నాన్నను ఆమె చివరిదాకా చూసింది. నన్ను కూడా చూడమని ఎలా అంటాను? నువ్వు చెప్పకు. నీ నడుము నొప్పి ఇంకొన్నాళ్ళు కొనసాగించు. బాగుపడితే నేనే వచ్చి చెబుతాను.

ఇంతకుముందు ఎప్పుడూ అనలేదు, ఇప్పుడంటున్నాను. నిన్ను చూస్తే నాకు ఓర్వలేనంత అసూయగా ఉంది. మందు ఎక్కిన రోజు వాంతులయ్యాక ఒక్కదాన్నే గోడకు ఆనుకుని కూర్చుంటాను. అమ్మ చెయ్యి ఆ సమయానికి నీ తల మీద ఉంటుంది. నీకు ఏ నొప్పీ లేదు. మనిషిని నేనే రైలెక్కించాను, నిన్నేమీ అనలేను. అయినా కుళ్ళిపోతున్నాను అక్కా.

పిచ్చుక


జూన్ 17

చెల్లీ,

నీ ఉత్తరం నాలుగు రోజుల కిందట కాజాల ఆవిడ తెచ్చి ఇచ్చింది. చదివి దిండు కింద పెట్టుకుని రెండు రోజులు ఊరుకున్నాను. ఆ రెండు రోజులూ అమ్మ తినిపించింది తిన్నాను, తల దువ్వించుకున్నాను. ఎందుకు ఊరుకున్నానో నీకు అబద్ధం చెప్పను. చెబితే వెళ్ళిపోతుంది. అంతే. మూడో రోజు అమ్మ కలిపి తెచ్చిన పళ్ళెం పక్కకు తోసేశాను.

మంచం దిగి నేరుగా వెళ్ళి ఆమె ఎదురుగా నిలబడ్డాను. గుండీలు కుడుతోంది. తల ఎత్తి, "నడుము నయమైందా?" అంది. నాకు ఏ రోగమూ లేదని చెప్పాను.

"తెలుసు," అంది. "వచ్చిన రోజే తెలుసు. మంచం పట్టినదాని అరికాళ్ళు అంత మురికిగా ఉంటాయిటే?"

"మరి ఇన్ని రోజులు ఎందుకు చేశావమ్మా?"

"పుట్టి ఇన్నేళ్ళయింది, ఒంట్లో బాగాలేదు రా అమ్మా అని ఒక్కసారి కూడా అనలేదు నువ్వు. అబద్ధమాడైనా రమ్మన్నావు కదా, చేయించుకుంటున్నావు కదా అని చేశాను."

అప్పుడు నీ సంగతి చెప్పాను. సూది కింద పెట్టింది. నన్ను కనిపెట్టింది గానీ నిన్ను కనిపెట్టలేకపోయింది. "ఏడాదిన్నర దాని మెడ నేనూ తడిమేదాన్ని. ఆఖరి రోజుల్లో పైట కప్పుకుని చెయ్యి వేయనివ్వకపోతే చిరాకనుకున్నాను. నేను రైలెక్కాక ఎవరు తడిమారు?" అంది. చాలాసేపు ఏడ్చింది. నాన్న పోయినప్పుడు కూడా నా ముందు అంతగా ఏడవలేదు. తర్వాత మొహం కడుక్కుని, "నువ్వు కూడా రావే, ఒక్కదాన్నే నేను చూడలేను" అంది. ఆమె నన్ను సాయం అడగడం అదే మొదలు. నిన్ను కాదు, నన్ను అడిగింది. ఇది కావాలనే రాస్తున్నాను.

ఎల్లుండి బండికి ఇద్దరం వస్తున్నాం. ఉత్తరం మాకంటే ముందు చేరుతుంది. ఫోన్లో చెబితే వద్దంటావని చెప్పడం లేదు. యూనిఫాంలు కాజాల ఆవిడ చూసుకుంటుంది, మీ బావ నిజంగానే హోటల్లో తింటాడు. ఐదు అంగుళాలు తగ్గించిన కోటు కుట్టి తెస్తున్నాను. లోపల మడత వదిలాను, మళ్ళీ ఒళ్ళు చేశాక విప్పుకోవచ్చు.

నేనేదో మారిపోయానని అనుకోకు. బండి దిగగానే అమ్మ నా చెయ్యి వదిలి నీ దగ్గరికి పరుగెడుతుంది, అప్పుడు నాకు మండుతుంది. నీ మంచం మీద కూర్చుని నీ మెడ నొక్కుతుంటే ఇంకా మండుతుంది. మండనీ. నువ్వు లేకపోతే అమ్మ మొత్తం నాకే మిగులుతుంది. ఊహ తెలిసినప్పటి నుంచి నేను కోరుకున్నది అదే. ఈ నాలుగు రోజులూ దాన్ని ఎదురుగా పెట్టుకుని చూశాను. నాకు వద్దే అది. సగమే కావాలి.

మీ అక్క